నేర్పుకు కూలి ఎవరిస్తారు?

*క్యాసినోలో కొన్ని ఆటలు తెలివికి లొంగుతాయి. ఆ తెలివికి డబ్బు చెల్లించేది ఎవరు, మధ్యలో కోసుకునేది ఎవరు?*

పొద్దు గూకే వేళకు పణజిలో మాండవి ఒడ్డున జెట్టీల దగ్గర వరసలు మొదలవుతాయి. చేతికి పట్టీ కట్టించుకున్నవాళ్లను చిన్న పడవలు నది మధ్యలో లంగరేసి ఉన్న క్యాసినో నౌకల దగ్గరికి చేరవేస్తుంటాయి. ఆ పడవల్లో హిందీ, కన్నడం, మరాఠీతో పాటు తెలుగూ గట్టిగానే వినిపిస్తుంది. నౌక ఎక్కగానే ముందు చెవిన పడేది అందర్ బాహర్ బల్ల దగ్గరి కేకలు. మన ఊళ్లలో లోపల-బయట అనీ, కోతముక్క అనీ పిలుచుకునే ఆటే అది. డీలర్ ఒక ముక్క తిప్పి మధ్యలో పెడతాడు. ఆ తర్వాత అటొకటి, ఇటొకటి పడుతుంటాయి. అదే అంకె ముక్క ఎటు పడితే అటు కాసినవాళ్లది పంట. ముక్క ముక్కకీ జనం ఊపిరి బిగబడతారు, అరుస్తారు, దేవుళ్లను పిలుస్తారు. ఇదే నౌకలో పోకర్ గది వాతావరణం వేరు. అక్కడ అరిచేవాడు లేడు. టోపీ కళ్ల మీదికి లాక్కున్న ఒకడు ముక్కల అంచును బొటనవేలితో కొద్దిగా లేపి చూసి, బోర్లించి, ముందుకు తోసేస్తాడు. మళ్లీ వస్తాయి, మళ్లీ తోసేస్తాడు. ఇరవై నిమిషాలైనా అతను ఒక్క చెయ్యీ ఆడకపోవచ్చు. పక్కనున్నవాళ్లు ఎంత కాస్తున్నారో, ఎప్పుడు తటపటాయిస్తున్నారో మాత్రం చూస్తూనే ఉంటాడు.

మొదటి బల్ల అదృష్టానిది, రెండోది నేర్పుది అని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. చెప్పడం సులువే. కానీ మన దేశంలో వేల కోట్ల వ్యాపారం నిలబడిందీ, కూలిందీ ఈ ఒక్క తేడా మీదే.

యాప్‌లు మూతపడ్డాయి, వాదన మిగిలింది

2025 ఆగస్టు 20న లోక్‌సభ, మర్నాడు రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఏ ఆన్‌లైన్ ఆటనైనా, అది నేర్పుదైనా, అదృష్టానిదైనా, రెండూ కలిసినదైనా, నిషేధించాలన్నది ఆ చట్టం. కొద్ది రోజుల్లోనే పెద్ద పెద్ద రమ్మీ, పోకర్, ఫ్యాంటసీ క్రికెట్ యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను మార్చి ఆన్‌లైన్ పందేలకు ముందే తలుపులు మూశాయి. కంపెనీలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే మాట పట్టుకున్నాయి: మాది జూదం కాదు, నేర్పుతో ఆడే ఆట. పొరుగు రాష్ట్రాల్లో ఆ మాట నెగ్గింది కూడా. తమిళనాడు చట్టాన్ని 2021లో మద్రాసు హైకోర్టు, కర్ణాటక చట్టాన్ని 2022లో అక్కడి హైకోర్టు కొట్టేశాయి.

ఇంతకీ నిషేధం ఆన్‌లైన్‌కే. గోవాలో నౌకలు తిరుగుతూనే ఉన్నాయి, సిక్కింలో క్యాసినోలు తెరిచే ఉన్నాయి, కఠ్మాండూకీ కొలంబోకీ విమానాలు ఉన్నాయి. గోవాలో క్యాసినో బల్లలకు ఆధారం 1976 నాటి జూద నిరోధక చట్టమే కావడం ఒక వింత. 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలకు, 1996లో నౌకల మీద బల్లాటలకు అందులో మినహాయింపులు చేర్చారు. ఇంకో వింత, గోవా వాసులు గోవా క్యాసినోల్లో అడుగుపెట్టకూడదు. ఆ ప్రభుత్వం 2020లో అమల్లోకి తెచ్చిన నియమం అది. సొంత జనానికి వద్దనుకున్నదాన్ని బయటివాళ్లకు వడ్డిస్తున్నారని ఎవరైనా అంటే తప్పుపట్టలేం.

యాప్ మూసుకున్న ఆటగాడు అడిగే ప్రశ్న సూటిగానే ఉంటుంది: వీటిలో తెలివి పనిచేసే ఆటలు ఏవి? దానికి జవాబు ఉంది, చెప్పుకుందాం. అయితే ఆ జవాబు దగ్గరే ఆగిపోతే ఆటగాడికి ఒరిగేదేమీ లేదు. నేర్పు ఉందా లేదా అన్నది సగం ప్రశ్న. ఆ నేర్పుకు కూలి ఎవరు చెల్లిస్తారు, ఆ కూలిలోంచి ఎంత కోత పడుతుంది అన్నది మిగతా సగం.

కావాలని ఓడిపోగలరా?

ఒక ఆటలో నేర్పు ఉందో లేదో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఇది. రూలెట్ బల్ల దగ్గర కూర్చుని కావాలని ఓడిపోవడానికి ప్రయత్నించి చూడండి. కుదరదు. ఎరుపు మీద పెట్టినా నలుపు మీద పెట్టినా ఓటమి మీ చేతిలో లేదు, కాబట్టి గెలుపూ మీ చేతిలో లేదు. యూరప్ తరహా చక్రంలో సున్నాతో కలిపి 37 గళ్లుంటాయి. ఒక్కో గడిలో వంద చొప్పున 3,700 పెడితే, గెలిచిన గడి నుంచి మీకు తిరిగొచ్చేది 3,600. పోయిన వందే క్యాసినో జీతం, 2.7 శాతం. రెండు సున్నాల అమెరికా చక్రంలో ఆ జీతం 5.26 శాతం. బంతికి జ్ఞాపకం లేదు. గతసారి ఎక్కడ పడిందో దానికి అక్కర్లేదు. బల్ల పక్కన గత ఇరవై అంకెలూ వెలిగే బోర్డు ఎందుకు పెడతారంటే, అది ఆటగాడికి లేని తెలివిని ఉన్నట్టు అనిపింపజేస్తుంది గనుక.

అందర్ బాహర్‌లో కనిపించీ కనిపించని లెక్క ఒకటుంది. మొదటి ముక్క ఎటు వేస్తారో ఆ పక్కకు గెలిచే అవకాశం నూటికి సుమారు 51.5. ఆ చిన్న మొగ్గు తెలిస్తే చాలు, ఎప్పుడూ అటే కాయవచ్చుగా అనిపిస్తుంది. ఆ సంగతి మీకంటే ముందు బల్ల యజమానికి తెలుసు. అందుకే సాధారణంగా ఆ పక్క గెలిస్తే రూపాయికి రూపాయి ఇవ్వరు, 90 పైసలే ఇస్తారు. దానితో మొగ్గు కాస్తా నష్టంగా మారుతుంది. బాకరా కూడా ఈ కోవలోదే. ఆటగాడు చేసే పనల్లా ఎటు కాయాలో చెప్పడమే. స్లాట్ యంత్రం గురించి మాట్లాడుకోనక్కర్లేదు. మీట నొక్కడంలో నేర్పు ఏముంటుంది?

బ్లాక్‌జాక్, పోకర్, రమ్మీ, కొన్ని రకాల వీడియో పోకర్ యంత్రాలు ఈ పరీక్షలో నిలుస్తాయి. వీటిలో కావాలని ఓడిపోవచ్చు. ఇరవై చేతిలో పెట్టుకుని ఇంకో ముక్క అడగవచ్చు, మూడు ఆసులు పారేయవచ్చు, చేతికొచ్చిన జోకర్‌ను తీసి కొట్టవచ్చు. చెడగొట్టడానికి వీలుందంటే బాగుచేసుకోవడానికీ వీలున్నట్టే. గుర్రప్పందేలనూ సుప్రీంకోర్టు 1996లో నేర్పు ఖాతాలోనే వేసింది, అది క్యాసినో గుమ్మం అవతలి సంగతి.

> ఏ బల్లకు ఎంత కోత?
> దీర్ఘకాలంలో ప్రతి 100 రూపాయల పందెంలో సగటున క్యాసినోకు మిగిలేది:
> రూలెట్ (ఒక సున్నా): ₹2.70
> రూలెట్ (రెండు సున్నాలు): ₹5.26
> బాకరా (బ్యాంకర్ మీద): ₹1.06
> బాకరా (టై మీద): ₹14కు పైనే
> క్రాప్స్ (పాస్ లైన్): ₹1.41
> బ్లాక్‌జాక్, లెక్క ప్రకారం తప్పు లేకుండా ఆడితే: సుమారు 50 పైసలు
> పోకర్: క్యాసినోకు పందెంతో పనిలేదు, కుండలోంచి కమీషన్

లొంగినంత వరకే తెరిచి ఉంచే ఆట

మీ చేతిలో పది, ఆరు. డీలర్ ముందు తెరిచి ఉన్నది పది. ఆగాలా, ఇంకో ముక్క అడగాలా? బ్లాక్‌జాక్‌లో ఇంతకంటే ఇబ్బందికరమైన చెయ్యి లేదు. ఆగినా అడిగినా సగటున వంద రూపాయల పందెంలో 54 దాకా పోయేదే. అడిగితే ఆ నష్టం వీసమెత్తు తగ్గుతుంది. ఆ వీసమెత్తు కోసం అడగమంటుంది లెక్క. బ్లాక్‌జాక్ నేర్పులో ఎక్కువ భాగం ఇదే: ఓడిపోయే చేతిలో కాస్త తక్కువ ఓడిపోవడం. ఏ చేతికి ఏం చేయాలో 1956లో అమెరికా సైన్యంలో పనిచేస్తున్న నలుగురు యువకులు బల్ల మీద పెట్టుకునే గణన యంత్రాలతో కుస్తీపట్టి తేల్చారు. ఆ పట్టికను ఇవాళ ఎవరైనా బట్టీపట్టవచ్చు. తు.చ. తప్పకుండా పాటిస్తే క్యాసినో మొగ్గు అర శాతానికి దిగుతుంది. దిగుతుందే గానీ, పోదు.

దాన్ని పోగొట్టవచ్చని చూపించినవాడు ఎడ్వర్డ్ థోర్ప్. ఎంఐటీలో గణితం చెబుతూ, అక్కడి ఐబీఎం 704 కంప్యూటర్‌తో లెక్కలు వేశాడు. అతను పట్టుకున్న కిటుకు ఇది: రూలెట్ బంతికి లేని జ్ఞాపకం పేకకు ఉంది. పడిపోయిన ముక్క ఆ పేక అయ్యేదాకా తిరిగి రాదు. చిన్న ముక్కలు ఎక్కువగా పడిపోతే, మిగిలిన పేకలో పదులు, ఆసులు చిక్కబడతాయి, ఆటగాడికి మొగ్గు వస్తుంది. అప్పుడు పందెం పెంచాలి, మిగతా సమయంలో తగ్గించాలి. 1961లో ఇతరుల పెట్టుబడి 10,000 డాలర్లతో నెవాడా వెళ్లి 11,000 గెలిచాడు. 1962లో పుస్తకం రాశాడు. రెండేళ్లకు లాస్ వేగాస్ క్యాసినోలు భయపడి ఆట నియమాలు బిగించాయి. జనం బల్లలు వదిలి పోవడంతో కొద్ది వారాల్లోనే ఆ బిగింపు వదులుకున్నాయి. ఎందుకంటే థోర్ప్ పుస్తకం చదివి లెక్కపెట్టగలిగినవాళ్లు గుప్పెడుమంది, చదివి లెక్కపెట్టగలమనుకున్నవాళ్లు వేలమంది. ఆ వేలమందే వ్యాపారం. ఆ పుస్తకం తర్వాత బ్లాక్‌జాక్ బల్లలకు గిరాకీ పెరిగిందే తప్ప తగ్గలేదు.

మరి ఆ గుప్పెడుమందిని ఏం చేశారు? నెవాడాలో మర్యాదగా బయటికి పంపించారు, కొన్నిసార్లు మర్యాద లేకుండానూ. న్యూజెర్సీలో కెన్ ఉస్టన్ అనే ఆటగాడు కోర్టుకెక్కితే, లెక్కపెట్టినందుకు బయటికి గెంటే హక్కు క్యాసినోలకు లేదని 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అట్లాంటిక్ సిటీ క్యాసినోలు గెంటడం మానేసి పేకలు పెంచాయి, సగంలోనే కలపడం మొదలుపెట్టాయి. తర్వాత, వాడిన ముక్కలను వాడినట్టే లోపలికి లాక్కుని కలుపుతూ ఉండే యంత్రాలొచ్చాయి. వాటి ముందు థోర్ప్ కూర్చున్నా చేసేదేమీ లేదు, పేకకు ఉన్న జ్ఞాపకాన్నే చెరిపేశారు గనుక. ఇంకా సొగసైన పని ఒకటి చేశారు. మొదటి రెండు ముక్కలతోనే ఇరవై ఒకటి వస్తే వెయ్యికి 1,500 ఇచ్చేవాళ్లు, చాలా బల్లల్లో దాన్ని 1,200 చేశారు. అలాంటి చెయ్యి సుమారు 21 సార్లకు ఒకసారి వస్తుంది. తగ్గిన 300ను ఆ 21తో భాగించండి, వెయ్యికి 14 రూపాయలు, అంటే 1.4 శాతం. పట్టిక మొత్తం బట్టీపట్టి సంపాదించుకున్న లాభం బల్ల మీద అచ్చేసిన ఒక చిన్న మార్పుతో తుడిచిపెట్టుకుపోయింది. బల్ల దగ్గర కూర్చున్న చాలామంది దాన్ని చదవనైనా చదవరు.

సరే, ఇవేవీ లేని పాతకాలపు బల్ల దొరికిందనుకుందాం, ఒక శాతం మొగ్గు మీవైపే ఉందనుకుందాం. గంటకు 80 చేతుల చొప్పున 100 గంటలు, ఎప్పుడూ ఒకే పందెంతో ఆడారు. 8,000 చేతులు. సగటున 80 పందేల లాభం రావాలి. కానీ ఆ లాభం చుట్టూ ఊగిసలాట వందకు పైగా పందేలు ఉంటుంది. అంటే తప్పు లేకుండా ఆడిన అయిదుగురిలో ఒకరు వంద గంటల తర్వాత కూడా నష్టంతోనే లేస్తారు. ఆ ఒక్కడికి తాను తప్పు ఆడలేదని తెలుసుకునే దారి లేదు. దీనికంటే ఘోరం, తప్పుగా ఆడి అదృష్టంతో గెలిచినవాడికి తాను నేర్పరిని కానని తెలుసుకునే దారీ లేదు.

క్యాసినోను నిజంగా ఓడించిన ఇటీవలి కథల్లో చాలా వాటికి బల్ల మీది నేర్పుతో సంబంధం తక్కువ. డాన్ జాన్సన్ అనే అమెరికన్ 2010-11లో అట్లాంటిక్ సిటీలో మూడు క్యాసినోల నుంచి కోటిన్నర డాలర్ల దాకా గెలిచాడు. అతను ముక్కలు లెక్కపెట్టలేదు. వ్యాపారం మందగించి పెద్ద ఖాతాదారుల కోసం ఎదురుచూస్తున్న క్యాసినోలతో ముందే బేరమాడాడు, పోగొట్టుకున్నదాంట్లో 20 శాతం మాఫీ చేయాలని, నియమాలు ఇలా ఇలా ఉండాలని. గెలుపు బల్ల దగ్గరికి రాకముందే ఖాయమైంది. పోకర్‌లో పేరుమోసిన ఫిల్ ఐవీ 2012లో లండన్‌లో బాకరా తరహా ఆటలో 77 లక్షల పౌండ్లు గెలిచాడు, ముక్కల వెనకవైపు అచ్చులోని చిన్న తేడాలు గుర్తుపట్టి. క్యాసినో ఆ డబ్బు ఇవ్వలేదు. అది మోసమేనని 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. చూపు ఎంత చురుకైనదైనా, ఎక్కడిదాకా నేర్పో ఎక్కడి నుంచి మోసమో గీత గీసేది ఆటగాడు కాదు.

పోకర్: యంత్రం తేల్చిన సంగతి

పోకర్‌లో నేర్పు ఉందా అన్న ప్రశ్న 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ క్యాసినోలో తేలిపోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు ఉద్దండులతో 20 రోజుల్లో 1,20,000 చేతులు ఆడింది. అదృష్టం పాత్రను తగ్గించడానికి ఒక ఏర్పాటు చేశారు. ఒక గదిలో మనిషికి వచ్చిన ముక్కలు ఇంకో గదిలో యంత్రానికి, అక్కడ యంత్రానికి వచ్చినవి ఇక్కడి మనిషికి. మంచి ముక్కలు పడ్డాయన్న సాకు ఇద్దరికీ లేకుండా పోయింది. చివరికి యంత్రం 17 లక్షల డాలర్లకు పైగా చిప్స్‌తో ముందు నిలిచింది. అదృష్టమే అయితే యంత్రానికి ఒరిగేదేమిటి? అంతకుముందు 2010 ప్రపంచ పోకర్ పోటీల లెక్కలు తీసిన స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ కూడా అదే చెప్పారు. నేర్పరులని ముందే గుర్తించినవాళ్లకు పెట్టుబడి మీద 30 శాతం లాభం వచ్చింది, మిగతావాళ్లకు 15 శాతం నష్టం.

అయితే అక్కడి అంకెను ఒకసారి మళ్లీ చూడండి. నేర్పును అదృష్టం నుంచి వేరుచేయడానికి 1,20,000 చేతులు కావలసి వచ్చాయి. క్యాసినో బల్ల మీద గంటకు 30 చేతులు పడతాయి. వారానికో రాత్రి అయిదు గంటలు ఆడేవాడికి అన్ని చేతులు రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది. అన్నాళ్లూ జేబు ఖాళీ కాకుండా నిలబడాలి.

పోకర్‌లో క్యాసినో ఆటగాడు కాదు, టోల్‌గేటు. బండి ఎవరు బాగా నడిపినా, ఎవరు గోతిలో పడినా దానికి అనవసరం, ప్రతి బండికీ రుసుం వసూలవుతుంది. తొమ్మిదిమంది తలో పది వేలతో కూర్చున్నారనుకుందాం, బల్ల మీద మొత్తం 90,000. చేతికి సగటున 200 కమీషన్, గంటకు 30 చేతులు, ఆరు గంటలు. బల్ల మీంచి 36,000 ఆవిరైపోతుంది. మిగిలిన 54,000 కోసమే ఆ తొమ్మిదిమంది నేర్పులు పోటీపడాలి. అందరూ సమాన నేర్పరులైతే అందరూ నాలుగేసి వేలు నష్టపోయి లేస్తారు. ఒకరు లాభంలో లేవాలంటే బల్ల దగ్గర తనకంటే చేతకానివాళ్లు ఉండాలి, వాళ్లు చాలినంత మంది ఉండాలి, వాళ్లు మళ్లీ మళ్లీ రావాలి. నేర్పుకు కూలి ఇచ్చేది క్యాసినో కాదు, పక్క కుర్చీలోని మనిషి.

> పుష్కరుడు కమీషన్ తీసుకోలేదు
> మన కథల్లో జూదపు నేర్పు అనగానే శకుని గుర్తొస్తాడు. నలుడి కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఒక తాండ్రచెట్టుకు ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు చూపుతోనే చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కపెడితే సరిపోతాయి. ఆ విద్య, అంటే అక్షహృదయం, నేర్చుకుని బదులుగా అశ్వహృదయం నేర్పుతాడు. తిరిగి వెళ్లి పుష్కరుణ్ని గెలుస్తాడు. నేర్పుతో గెలవడానికి కావలసినవన్నీ అక్కడ కుదిరాయి: విద్య, అది లేని ఎదుటివాడు, మధ్యలో కోసుకునే మూడోవాడు లేకపోవడం.

సికింద్రాబాద్ తీర్పులో చదవని సగం

రమ్మీ సంగతికొస్తే, దానికి దేశమంతా చెల్లిన యోగ్యతాపత్రం పుట్టింది మన దగ్గరే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ పేర్లతో 1968 తీర్పుగా పేరుపడిన ఆ కేసులో, మూడుముక్కలాట లాంటిది కాదు రమ్మీ అని జస్టిస్ హిదయతుల్లా రాశారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నేర్పు ఆట. బాగా ఆడేవాళ్లను చూసిన ఎవరూ దీన్ని కాదనరు. మీరు కొట్టిన ఆఠీను ఏడును ఎదుటివాడు ఎత్తుకున్నాడు. ఇక ఆఠీను ఆరు, ఎనిమిది మీ చేతిలో పనికిరానివైనా కొట్టకూడదు, మిగతా ఏడులనూ పట్టుకోవాలి. రెండు ఆటల తర్వాత అతను ఆఠీను తొమ్మిది తానే కొట్టాడంటే, అతను చూస్తున్నది కింది వరసనో, మూడు ఏడులనో. లైఫ్ పడే ఆశ లేని పేక వస్తే మొదట్లోనే 20కి డ్రాప్ అయిపోవడం, చూద్దాం చూద్దాం అనుకుంటూ 80కి మునగకపోవడం కూడా నేర్పే. ఇంకా మాట్లాడితే రమ్మీలో గొప్ప నేర్పు అదే.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. కంపెనీలు ప్రకటనల్లో దాన్ని చెప్పవు. ఆట నుంచి ఇంటి యజమానో క్లబ్బో లాభం గుంజుతున్నట్టు తేలితే నేరం కింద పట్టుకోవచ్చని కూడా కోర్టు అంది. ఆడేవాళ్లు తమలో తాము ఆడుకోవడం ఒకటి, ఆడించేవాడు ప్రతి చేతిలోనూ వాటా తీసుకోవడం ఇంకొకటి. ఆ రెండో సంగతే యాప్‌ల ప్రాణం. ఇద్దరు చెరో వంద పెట్టి ఆడితే, పది శాతం కమీషన్ పోను గెలిచినవాడికి 180 వస్తుంది. సరిసమానమైన ఇద్దరు పది ఆటలు ఆడితే ఒక్కొక్కరు అయిదు గెలిచి 400 సంపాదిస్తారు, అయిదు ఓడి 500 పోగొట్టుకుంటారు. నష్టం రాకుండా ఉండాలంటే నూటికి 56 ఆటలు గెలవాలి. నేర్పు ఆటలో సమానులైన ఇద్దరూ ఓడిపోతున్నారు, గెలిచేది ఆటలో లేనివాడు.

అయినా గెలిచేవాళ్లున్నారు కదా?

ఉన్నారు. పోకర్ ఆడి ఇళ్లు కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. 86 డాలర్ల ప్రవేశ రుసుంతో ఆన్‌లైన్ పోటీలో మొదలుపెట్టి 2003 ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ పేరు పోకర్ ఆడే ప్రతివాడికీ తెలుసు. కాదనడం నిజాయితీ కాదు. వాళ్లు ఉండడం వల్లే బల్ల నిండుతుందన్నది మాత్రం దానితోపాటు చెప్పుకోవాలి. ఆ ఒక్కడి లాభం కమీషన్‌తో కలిపి మిగతావాళ్ల జేబుల్లోంచే రావాలి గనుక, నేర్పు ఆటలో గెలిచేవాడి నేర్పు ఎంత గొప్పదైతే మిగతావాళ్ల నష్టం అంత నికరమవుతుంది. అందర్ బాహర్‌లో కొత్తగా వచ్చినవాడికీ పాతకాపుకీ ఒకే అవకాశం. పోకర్‌లో కొత్తవాడు మేత. అదృష్టపు ఆటలకంటే నేర్పు ఆటలు చేతకానివాడి పట్ల కర్కశంగా ఉంటాయన్నది మనం ఎక్కువగా మాట్లాడుకోని నిజం.

షేర్ మార్కెట్ కూడా అంతే కదా అన్నది ఇంకో వాదన. సగం నిజం. షేరు వెనక ఒక కంపెనీ ఉంటుంది, అది సరుకు చేస్తుంది, లాభం పంచుతుంది, అందరూ కలిసి లాభపడే వీలుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ దగ్గరికొచ్చేసరికి పోలిక నిలుస్తుంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాటిలో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని సెబీయే చెప్పింది. అది కూడా నేర్పు రంగమే. పోలిక చెల్లుతుంది గానీ, అది పేకాటను పైకెత్తదు, ఆప్షన్స్‌ను కిందికి దించుతుంది.

మరి నేర్పుతో ఆడే ఆటను స్లాట్ యంత్రంతో కలిపి నిషేధించడం అన్యాయం కాదా? న్యాయశాస్త్రం ప్రకారం ఇది బలమైన ప్రశ్నే. నిషేధిస్తే ఆట విదేశీ యాప్‌ల చాటుకు పోతుందన్న భయమూ ఉత్తుత్తిది కాదు. కానీ ఒక ఆటలో నేర్పు పాలు ఎక్కువా కాదా అని కోర్టు చూడడం వేరు, దానిలో దిగిన మామూలు మనిషి బాగుపడతాడా అని అడగడం వేరు. మొదటిదానికి అవునన్న జవాబును రెండోదానికి అతికించి ఇన్నేళ్లు వ్యాపారం చేశారు.

తాను ఎంచుకున్న టిక్కెట్టు

1975లో ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆఫీసు ఉద్యోగులకు ఒక్కో డాలరుకు లాటరీ కార్డులు అమ్మించింది. కొందరిని తమ కార్డు తామే ఎంచుకోనిచ్చారు, కొందరికి చేతిలో పెట్టారు. డ్రా ముందు ఆ కార్డు తిరిగి అమ్ముతారా అని అడిగితే, చేతిలో పెట్టినవాళ్లు సగటున 1.96 డాలర్లు చాలన్నారు. ఎంచుకున్నవాళ్లు 8.67 అడిగారు. లాటరీలో ఎంచుకోవడానికి ఏముంది? ఏమీ లేదు. అయినా చెయ్యి పడేసరికి విలువ నాలుగు రెట్లు దాటింది. ఎంచుకునే వీలు ఏమాత్రం లేని చోటే ఇంత భ్రమ పుడితే, నిజంగానే కొంత నేర్పు ఉన్న రమ్మీ, బ్లాక్‌జాక్‌ల సంగతి చెప్పాలా?

లాటరీలో పోయినవాడు తన రాత బాగోలేదనుకుని లేస్తాడు. రమ్మీలో పోయినవాడికి ఆ ఓదార్పు లేదు. ఆ కళావరు పది కొట్టకుండా ఉండాల్సింది, ఇంకొక్క ఆట ముందే డ్రాప్ అవ్వాల్సింది అనుకుంటాడు. తప్పు తనది, కాబట్టి దిద్దుకోవడమూ తన చేతిలోనే ఉందనుకుంటాడు. దిద్దుకోవడానికి ఇంకో ఆట, దానికి ఇంకాస్త అప్పు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ పేకాటలో పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు పత్రికలు చదివేవారికి కొత్త కాదు. వాళ్లలో చదువు, ఉద్యోగం, లెక్కలు వచ్చినవాళ్లు తక్కువేం కాదు. నేర్పు మీద నమ్మకం ఉన్నవాడికే ఈ ఉచ్చు గట్టిగా బిగుస్తుంది. ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసేది కూడా ఆలస్యంగానే. జూదం ఆడుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు కూడా బుర్రతో ఆడే ఆట అని తనకు తాను సర్దిచెప్పుకోగలడు.

చివరి కోత సర్కారుది

ఇంత చెప్పినా, నాకు నిజంగా వచ్చు, నేను బలహీనులున్న బల్ల చూసుకుని ఆడతాను అనేవాళ్లు ఉంటారు. వాళ్లలో కొందరిది ఉత్త గొప్ప కాకపోవచ్చు కూడా. వాళ్లు పక్కవాడితో పాటు ఆదాయపు పన్ను చట్టాన్నీ గెలవాలి. పేకాటలో, పందేల్లో గెలుపు మీద పన్ను 30 శాతం, పైన సెస్. నష్టాన్ని అందులోంచి తీసేసుకోనివ్వరు. ఒక రాత్రి లక్ష గెలిచి ఇంకో రాత్రి 90,000 పోగొట్టుకున్నవాడి చేతిలో మిగిలింది 10,000. చట్టం ప్రకారం కట్టాల్సింది 30,000కు పైనే. నెగ్గినవాడు 20,000 అప్పులో ఉన్నట్టు. ఇక జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి క్యాసినోలో చిప్స్ కొనడానికి కట్టే మొత్తం మీదే 28 శాతంగా ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. దాన్ని క్యాసినో భరించినా, ఆటగాడి మీద వేసినా, బల్ల మీద తిరిగే డబ్బులోంచే రావాలి. థోర్ప్ ముక్కలన్నీ గుర్తుపెట్టుకుని, రాత్రంతా తప్పు చేయకుండా కూర్చుంటే అతనికి దొరికిన మొగ్గు ఒక శాతం అటూ ఇటూ.